సీసపు నేల మీద బాట

పాఠ్యభాగ ఉద్దేశం

జలకాలుష్యం, వాయుకాలుష్యం అనే మాటలు విద్యార్థులకు చిరపరిచితాలు. నేల కలుషితం కావడాన్ని గురించి మాత్రం మనం ఆలోచించేది తక్కువ. కలుషితమైన నదీతీరం విహారస్థలంగా మారినప్పుడు, అక్కడికి వచ్చే పిల్లలకూ పెద్దలకూ ఆ మట్టితో సంపర్కాన్ని తగ్గించడానికి ఒక ప్రాంతంవారు ఏ ఉపాయాలు పన్నారో, వాటిలో ఏవి ఫలించాయో, ఏవి చాలలేదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన్ను తినని బాల్యం లేదు. పోతన భాగవతం దశమ స్కంధంలో యశోద తన కుమారుణ్ణి పట్టుకొని మన్ను తిన్నావా అని నిలదీసిన ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. ఆ తల్లి కోపమంతా బిడ్డ అల్లరి మీదనే గాని, వ్రేపల్లె మట్టి మీద కాదు. ఆవులు తొక్కిన నేల, యమున తెచ్చి పోసిన ఒండ్రు. మహా అయితే కడుపునొప్పి వస్తుందన్న భయం. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా దేశపు ఒక నదీలోయలోని తల్లులు తమ బిడ్డలను ఇదే ప్రశ్న అడగవలసివచ్చింది. వారి భయం మాత్రం వేరు. బిడ్డ నోట చూడబోతే వారికి కనబడేది బ్రహ్మాండం కాదు, సీసం.

ఆ లోయ ఇడాహో రాష్ట్రపు ఉత్తర భాగంలో ఉంది. నది పేరు కోర్ డలేన్. ఇది ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరు. ‘ఆరె వంటి హృదయం’ అని దాని అర్థం. ఆరె అంటే చెప్పులు కుట్టేవారు తోలుకు రంధ్రం చేసే మొనదేలిన పనిముట్టు. బేరమాడడంలో అక్కడి ఆదిమవాసుల చురుకుదనాన్ని చూచి వర్తకులు అలా అన్నారని చెబుతారు. ఆ జాతివారు తమను తాము షీట్సుమ్ష్ అని పిలుచుకొంటారు. ఇక్కడ కనుగొనబడినవారు అని దాని భావం. బయటివారు పెట్టిన పేరు పటం మీద నిలిచింది. సొంత పేరు ఇంటి భాషలో మిగిలింది. మన దేశంలోనూ ఇటువంటివి లేకపోలేదు.

ఈ నది దక్షిణ శాఖ ముల్లన్, వాలేస్, కెలాగ్, స్మెల్టర్‌విల్ అనే చిన్న ఊళ్ల మీదుగా పడమటికి ప్రవహించి, ఉత్తర శాఖతో కలిసి, కటాల్డో దాటిన తరువాత విశాలమైన చిత్తడి నేలల మధ్య నెమ్మదించి, హారిసన్ అనే ఊరి దగ్గర కోర్ డలేన్ సరస్సులో చేరుతుంది. సరస్సు నుంచి స్పోకేన్ నది బయలుదేరి వాషింగ్టన్ రాష్ట్రంలోకి పోతుంది. పైభాగపు లోయకు వెండి లోయ అని ప్రసిద్ధి. 1880 దశకంలో ఇక్కడ గనులు మొదలయ్యాయి. 1885లో నోవా కెలాగ్ అనే అన్వేషకుడు ఇక్కడి బంకర్ హిల్ ఖనిజాన్ని కనిపెట్టాడు. తప్పిపోయిన అతని గాడిద ఆ రాతి దగ్గర నిలబడి దారి చూపిందని ఊరివారి కథ. ఆ లోయ నుంచి వంద కోట్ల ఔన్సులకు పైగా వెండి వెలికివచ్చింది. వెండితోపాటు సీసం, జింకు కూడా అపారంగా వచ్చాయి.

ఖనిజాన్ని పిండి చేసి లోహాన్ని వేరుపరచిన తరువాత మిగిలే చెత్త మట్టిని ఏం చేయాలి? గని యజమానులకు సమాధానం ఎదుటనే ప్రవహిస్తున్నది. 1968 వరకు ఆ వ్యర్థాన్ని నేరుగా నదిలోనూ, దాని ఉపనదులలోనూ విడిచిపెడుతూ వచ్చారు. అలా నీటిలో కలిసిన వ్యర్థం దాదాపు 6 కోట్ల 20 లక్షల టన్నులనీ, అందులో సీసమే 8 లక్షల 80 వేల టన్నులనీ అంచనా. నది దానిని మోసుకొనిపోయి, వరద వచ్చినప్పుడల్లా తన గట్ల మీద, పచ్చికబయళ్ల మీద, ఇసుకతిన్నెల మీద పరచింది. నది తప్పు ఇందులో లేదు. ఇచ్చిన దానిని పంచడమే దానికి తెలిసిన పని.

ఇంతకంటె ఘోరమైనది గాలి ద్వారా జరిగింది. కెలాగ్‌లో 1917 నుంచి సీసం కరిగించే కొలిమి పనిచేసింది. పొగలోని ధూళిని పట్టి నిలిపే వడపోత సంచుల గదిలో 1973 సెప్టెంబరులో నిప్పు రాజుకొంది. వడపోత చాలావరకు నాశనమైంది. అయినా కొలిమి ఆగలేదు. అంతకుముందు నెలకు 10 నుంచి 20 టన్నులుగా ఉన్న ధూళి, ఆ తరువాతి సంవత్సరంలో కొన్ని నెలలలో నూరు టన్నులు దాటింది. అందులో సగానికి పైగా సీసమే. 1974లో పిల్లల రక్తం పరీక్షించినప్పుడు కొలిమికి ఒక మైలు లోపల నివసించే పసివారిలో దాదాపు అందరికీ డెసీలీటరు రక్తంలో 40 మైక్రోగ్రాములు, అంతకుమించి సీసం కనిపించింది. ఆ కాలంలో వైద్యులు ప్రమాదసూచిగా ఎంచిన పరిమితి 40. నేడు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 3.5 దాటితేనే జాగ్రత్తపడవలసిన బిడ్డగా గుర్తిస్తున్నది. 2021లో ఈ అంకెను ఖరారు చేశారు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరమే అర్ధశతాబ్దిలో వైద్యశాస్త్రం నేర్చుకొన్న పాఠం.

సీసాన్ని మన రసశాస్త్ర గ్రంథాలు ‘నాగం’ అంటాయి. నాగమంటే పాము అని కూడా అర్థం. ఈ పేరు ఏ ఉద్దేశంతో వచ్చిందో గాని, దాని నడక మాత్రం పాము నడకే. రుచి ఉండదు, వాసన ఉండదు, నొప్పి తెలియదు. శరీరం దానిని కాల్షియమని భ్రమిస్తుంది. ఎముకలలో చేర్చుకొని ఏళ్లతరబడి దాచిపెడుతుంది. పెద్దలు మింగిన సీసంలో సుమారు పదోవంతు రక్తంలో చేరితే, పసిబిడ్డ మింగిన దానిలో సగం వరకు చేరవచ్చు. తిండి చాలని బిడ్డలో, రక్తహీనత ఉన్న బిడ్డలో ఇంకా ఎక్కువ. పెరుగుతున్న మెదడు దెబ్బతిన్నదని ఆనాడు తెలియదు. బడిలో అక్షరం నిలవనప్పుడు, మనసు ఒకచోట కుదరనప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది స్వల్పం. సీసానికి ‘ఇంతవరకు నిరపాయం’ అని చెప్పదగిన మోతాదు ఇంతవరకు తేలలేదు.

ఇక మట్టి సంగతి. ఒక లెక్క చూద్దాం. కోర్ డలేన్ దిగువ లోయలోని వరదనేలల్లో చాలాచోట్ల పది లక్షల పాళ్ల మట్టిలో సీసం వెయ్యి పాళ్లు దాటుతుంది; మూడు వేల పాళ్లున్న చోట్లు కూడా ఉన్నాయి. నాలుగేళ్ల బిడ్డ ఏటిగట్టున ఒక పూట ఆడి, వేళ్లు నోట పెట్టుకొని, కిందపడిన బిస్కెట్టు తీసి తిని, మొత్తం మీద 100 మిల్లీగ్రాముల మట్టి మింగిందనుకొందాం. ఇది చిటికెడు ఉప్పు కన్న తక్కువ. ఆ మట్టి మూడు వేల పాళ్లదయితే బిడ్డ కడుపులోకి 300 మైక్రోగ్రాముల సీసం పోయినట్లు. అదంతా రక్తంలోకి ఎక్కదు, నిజమే. కాని ఆహారం ద్వారా పిల్లలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములకు మించి సీసం అందకుండా చూడాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో చెప్పిన అంకెను దీని పక్కన పెట్టి చూస్తే, చిటికెడు మట్టి ఎంత బరువైనదో తెలుస్తుంది.

కొలిమి 1981లో మూతపడింది. 1983లో కేంద్ర ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని అత్యంత కలుషిత స్థలాల జాతీయ జాబితాలో చేర్చింది. మొదట లెక్కలోకి తీసుకొన్నది కొలిమి చుట్టూ ఉన్న 21 చదరపు మైళ్లు. ఇళ్ల ముంగిళ్లలో పైమట్టిని ఒక అడుగు లోతు దాకా తవ్వి తీసి, పరీక్షించిన మంచి మట్టి పోశారు. 2002లో ఈ పని నది పొడవునా విస్తరించింది. నేటికి ఏడు వేలకు పైగా ఇళ్లు, స్థలాలు ఇలా శుభ్రపడ్డాయి. 1996 మే నెలలో కొలిమి పొగగొట్టాలు నాలుగింటినీ పేల్చి కూల్చివేశారు. వాటిలో పెద్దది 715 అడుగుల ఎత్తు. పిల్లల రక్తంలోని సీసం సగటు 2002 నాటికి 3 దరిదాపులకు దిగివచ్చింది. ఇది సామాన్యమైన విజయం కాదు.

అయితే ఇంటి ముంగిలి వేరు, నదీతీరం వేరు. ముంగిలికి హద్దు ఉంటుంది. తవ్వితే ఒకనాటికి పని పూర్తవుతుంది. నదీతీరానికి హద్దు ఎక్కడ? వేలాది ఎకరాల వరదనేలను అడుగు లోతున తవ్వి ఎక్కడికి తరలించాలి? తరలించినా మరుసటి వరదకు ఎగువనుంచి కొత్త బురద వచ్చి పడుతుంది. 1996 ఫిబ్రవరి వరదలో ఒక్క రోజులోనే పది లక్షల పౌండ్లకు పైగా సీసం సరస్సులోకి కొట్టుకొనివచ్చిందని అంచనా వేశారు. ఆ తీరమేమో అందమైనది. దేవదారు వంటి చెట్లు, కొలనులు, పడవలు, చేపలు, వేసవిలో నీరు తగ్గితే బయటపడే మెత్తని ఇసుకమేటలు. సెలవు రోజున జనం రాకుండా ఆపడం ఎవరి తరం? ఆపడం న్యాయమా అన్నది మరొక ప్రశ్న. చేపలు పట్టి, దుంపలు తవ్వి తరతరాలుగా బ్రతికిన జాతివారికి అది విహారస్థలం కాదు, పుట్టిల్లు.

కాబట్టి ప్రశ్న రూపం మారింది. విషాన్ని నేల నుంచి తీసివేయలేనప్పుడు, మనిషికీ నేలకూ మధ్య ఏది అడ్డుపెట్టవచ్చు?

దీనికి దొరికిన సమాధానాలలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది ఒక బాట. యూనియన్ పసిఫిక్ సంస్థ రైలుమార్గం ఒకటి ఈ లోయ వెంట ఉండేది. గనులలోని వ్యర్థపు రాళ్లతోనే దాని కట్ట పోశారు. ఖనిజం మోసే పెట్టెల నుంచి జారిన పొడి శతాబ్దకాలం ఆ కట్ట మీద పడింది. అంటే రైలుకట్ట మొత్తం ఒక విషపు గీత. 1990 దశకం నాటికి రైళ్లు నిలిచిపోయాయి. పట్టాలు తీసివేసిన తరువాత ఆ కట్టను ఏం చేయాలన్న చర్చ వచ్చింది. రైల్వే సంస్థ, కేంద్ర ప్రభుత్వం, ఇడాహో రాష్ట్రం, కోర్ డలేన్ జాతి కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. కట్ట మీద దళసరిగా తారు పరచి, పక్కల కంకర పోసి, దానిని నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ ఉద్యానంగా మార్చారు. 2004లో అది ప్రజలకు తెరుచుకొంది. పేరు కోర్ డలేన్ల బాట. తూర్పున ముల్లన్ నుంచి పడమట ప్లమ్మర్ దాకా పొడవు సుమారు 73 మైళ్లు, మన లెక్కలో 117 కిలోమీటర్లు. కొంత భాగాన్ని ఆ జాతివారు, మిగిలిన దానిని రాష్ట్ర ఉద్యానాల శాఖ చూసుకొంటున్నారు.

చూచేవారికి అది బాట. కట్టినవారి దృష్టిలో అది మూత. కుండ మీద మూత పెట్టినట్లు విషపు కట్ట మీద తారు మూత పెట్టారు. సైకిల్ మీద పోయేవాడికి తన చక్రం కింద ఏముందో తెలియనవసరం లేదు. బాట దిగనంతవరకు అతడు సురక్షితుడు. విశ్రాంతి స్థలాలను కూడా ఇదే సూత్రంతో ఏర్పరచారు. కూర్చోవడానికి బల్లలు, భోజనానికి మేజాలు, కాళ్ల కింద శుద్ధమైన కంకర. జనం ఎక్కడ ఆగుతారో అక్కడ నేలను శుభ్రంగా ఉంచితే, తక్కిన చోట్ల ఆగవలసిన అవసరం తగ్గుతుంది. మనిషి స్వభావాన్ని మార్చబోకుండా, ఆ స్వభావానికి తగినట్లు నేలను మార్చడం ఇందులోని వివేకం.

దిగువన వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ నదీతీరాన కూడా ఇటువంటి పని జరిగింది. జనం స్నానాలకు దిగే కొన్ని రేవులలో 2006 తరువాత అక్కడి పర్యావరణ శాఖ కొంత మట్టిని తవ్వితీసి, కొన్నిచోట్ల శుద్ధమైన కంకర, గుండ్రాళ్లు కప్పించింది. గులకరాళ్లు ఎందుకంటే, అవి ప్రవాహానికి ఇసుక వలె కొట్టుకొనిపోవు. పసివాడు గుప్పెట పట్టి నోట పెట్టుకోలేడు. ఇసుకలో గుజ్జనగూళ్లు కట్టుకోవాలనుకొనే పిల్లలకు కొంత నిరాశ తప్పదు.

మూత వేయలేని చోట మిగిలింది మాట. నది వెంట పడవల రేవులలో, బాట మొదళ్లలో హెచ్చరిక పలకలు పెట్టారు. వాటి సారాంశం ఇది: బాట విడిచి పోవద్దు. భోజనానికి ముందు చేతులు, ముఖం కడుక్కోండి. నేల మీద కాక మేజా మీద తినండి. కిందపడిన తినుబండారం పిల్లలకు ఇవ్వవద్దు. నది నీరు తాగవద్దు. వంటకూ చేతులు కడగడానికీ మంచినీరు వెంట తెచ్చుకోండి. ఇంటికి పోయేముందు చెప్పులు, ఆటవస్తువులు, కుక్క కాళ్లు దులిపి కడగండి. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో, గర్భవతుల విషయంలో మరింత జాగ్రత్త.

చదివితే ఇవి మన అమ్మమ్మల మాటల్లా లేవూ? మా చిన్నతనంలో వాకిట గాబు దగ్గర చెంబు ఉండేది. కాళ్లు కడుక్కోనిదే గడప దాటనిచ్చేవారు కాదు. అది మడి, ఆచారం అని మేము విసుక్కొనేవాళ్లం. వీధి ధూళిని వీధిలోనే వదలాలన్న ఆరోగ్యసూత్రం అందులో ఉన్నదని అప్పుడు ఆలోచించలేదు. ఇడాహోలోని ఆరోగ్యశాఖవారు కూడా ఇళ్లలోకి బూట్లతో రావద్దనీ, పొడిచీపురుతో ధూళి లేపక తడిగుడ్డతో తుడవమనీ చెబుతారు. సన్నని ధూళిని సైతం పట్టే యంత్రాలను ఆ ఇళ్లవారికి ఉచితంగా అరువిస్తారు. ప్రతి వేసవిలో పిల్లల రక్తాన్ని ఉచితంగా పరీక్షిస్తారు. ఏ బిడ్డకైనా అంకె పెరిగితే ఇంటికి వచ్చి, ఎక్కడ ఆడుకొన్నాడని అడుగుతారు. నది ఒడ్డున అన్న సమాధానం వింటే వారికి ఆశ్చర్యం కలగదు.

హెచ్చరిక పలక విషయంలో నాకొక సందేహం ఉంది. తారు మూత తనంతట తాను కాపాడుతుంది. పలక అలా కాదు. అది కాపాడే బాధ్యతను చదివేవారి మీద పెట్టి తాను ఊరకుంటుంది. చదవనివారికి, చదివి మరచినవారికి, చదవడం రాని నాలుగేళ్ల బిడ్డకు దానివల్ల ప్రయోజనమేమిటి? నదిలో వ్యర్థాన్ని వదిలినవారు కొందరు. ఒడిలో బిడ్డ, చేతిలో నీళ్ల సీసా, సంచిలో సబ్బు పెట్టుకొని సెలవు గడపవలసిన తల్లి మరొకరు. నేరం ఒకరిది, జాగ్రత్త మరొకరిది. అందుకే ఆ జాతివారు 1991లో గనుల సంస్థల మీద దావా వేశారు. 1996లో కేంద్ర ప్రభుత్వం కూడా దావాకు దిగింది. 2011లో హెక్లా అనే గనుల సంస్థ 26 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించింది. శుభ్రపరచే పనికి ఆ ధనం వినియోగపడుతున్నది. ఇంత జరిగినా పలకలను తీసివేయగల రోజు ఇంకా రాలేదు. పలక చాలదని నేనంటున్నాను గాని, పలక వద్దని కాదు. సబ్బు, నీరు అందుబాటులో ఉన్న చోట పలక మాట వినేవారు ఎక్కువగా ఉంటారు. చేతులు కడుక్కోండి అని రాసి, కడుక్కోవడానికి నీరు పెట్టకపోతే అది వట్టి రాతే.

పలక చదవలేని అతిథులు మరికొందరున్నారు. ప్రతి వసంతంలో టండ్రా హంసలు ఉత్తరానికి పోతూ దిగువ లోయలోని చిత్తడి నేలల్లో ఆగుతాయి. నీటి అడుగున ఉన్న దుంపలను, వేళ్లను తవ్వి తింటాయి. దుంపతోపాటు బురద కూడా లోపలికి పోతుంది. సీసం వాటి జీర్ణావయవాలను స్తంభింపజేస్తుంది. కడుపులో మేత నిండి ఉండగానే ఆకలితో చచ్చిపోతాయి. హంస పాలనూ నీళ్లనూ వేరుచేయగలదని మన కవులు వర్ణించారు. బురదనూ సీసాన్నీ వేరుచేసే నేర్పు దానికి లేదు. మేత దొరికే కొన్ని పొలాలను శుభ్రమైన చిత్తడి నేలలుగా మార్చి, హంసలు అక్కడ దిగేలా చేయడానికి ప్రయత్నాలు సాగుతున్నాయి. బాట పక్కన బల్లలు వేసిన సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది.

ఈ కథ దూరదేశానిదే అయినా సీసం మనకు పరాయిది కాదు. మన దేశంలో ఇళ్ల గోడలకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకుముందు రంగు వేసిన తలుపులు, కిటికీలు మన ఊళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. అవి పెచ్చులూడి వాకిట మట్టిలో కలుస్తుంటాయి. పాత బ్యాటరీలను పెరట్లో పగులగొట్టి సీసం కరిగించే చోట నేల సంగతి చెప్పనక్కరలేదు. వాగులో వదిలిన వ్యర్థం పొలంలో తేలడం కూడా మనకు తెలిసినదే. పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుంచి నక్కవాగులో చేరిన వ్యర్థాలు పొలాలను పాడుచేయగా, ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది.

మూత వేయడంతో పని ముగియదన్న సంగతి కోర్ డలేన్ లోయవారికి బాగా తెలుసు. చెట్ల వేళ్లు తారును పైకి లేపుతాయి. మంచు పగుళ్లు తెస్తుంది. వరద తగ్గిన తరువాత బాట మీద సన్నని బురద పొర మిగులుతుంది. అది ఎండి ధూళిగా లేవకముందే తొలగించాలి. పగిలిన చోట మళ్లీ తారు పోయాలి. కొత్తగా ఇల్లు కట్టేవాడు కూడా తవ్వకముందు ఆరోగ్యశాఖ అనుమతి తీసుకోవాలి. తవ్విన మట్టిని ఎక్కడ పోయాలో వారు చెబుతారు. ప్రమాణాలు కూడా నిలకడగా లేవు. ఇళ్ల దగ్గరి మట్టిలో సీసం 400 పాళ్లు దాటితే పరిశీలించాలన్న పాత అంకెను అమెరికా పర్యావరణ సంస్థ 2024 జనవరిలో 200కు తగ్గించింది. నిన్న శుభ్రమనుకొన్న నేలలో కొంత భాగాన్ని ఇప్పుడు మళ్లీ కొలవవలసి ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఒండ్రు – వరద తెచ్చి వేసిన మెత్తని మట్టి. మేట – నీరు చేర్చిన ఇసుక దిబ్బ. సంపర్కం – తాకిడి, కలయిక. మృత్తిక – మట్టి. దళసరి – మందం. గాబు – నీరు నిలువచేసే తొట్టి. స్తంభింపజేయు – కదలకుండా చేయు. గుజ్జనగూళ్లు – పిల్లలు ఆటలో వండుకొనే ఉత్తుత్తి వంటలు, ఇసుక గూళ్లు.

అభ్యాసం

అ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. చూచేవారికి అది బాట. కట్టినవారి దృష్టిలో అది మూత.
2. నేరం ఒకరిది, జాగ్రత్త మరొకరిది.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. నదీతీరాన్ని ఇంటి ముంగిలి వలె ఎందుకు శుభ్రపరచలేకపోయారు?
2. స్నానపు రేవులలో ఇసుకకు బదులు గులకరాళ్లు పరచడంలోని ఆంతర్యమేమిటి?
3. హెచ్చరిక పలకను గురించి రచయిత వెలిబుచ్చిన సందేహాన్ని వివరించండి. మీరు దానితో ఏకీభవిస్తారా?

ఇ) మీ ఊరి చెరువు గట్టును గాని, వాగు ఒడ్డును గాని పరిశీలించి, అక్కడ పిల్లలు ఆడుకొనే చోటుకు చేతులు కడుక్కొనే వసతి ఎంత దూరంలో ఉన్నదో పది వాక్యాలలో రాయండి.

ఈ) విడదీసి సంధి పేరు తెలపండి: నిరపాయం, జీర్ణావయవాలు, అత్యంత.

ఉ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: నదీతీరం, రక్తహీనత, పెద్దలు పిల్లలు.